ఊరికే ఉండటమూ ఒక పనే

ఇల్లందును పాతతరం వాళ్లు బొగ్గుట్ట అనేవారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇక్కడి నేలలో బొగ్గు జాడ పట్టాడు. సింగరేణి గనుల్లో ఒక ముఖ్యమైన పొరను ఇప్పటికీ ఆయన పేరుతో కింగ్ సీమ్ అనే అంటారు. ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో తవ్వుకునే హక్కు సంపాదించింది. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టింది. తర్వాత గనులు కొత్తగూడెం, మణుగూరు దాటి గోదావరి వెంట పైపైకి సాగాయి గానీ, ఆ కథ మొదలైంది మాత్రం ఇల్లందులోనే.

ఆనాడు ఈ బొగ్గు రైలింజన్లను నడిపింది. ఇప్పుడు సింహభాగం థర్మల్ స్టేషన్లకు పోతుంది. అవి ఇల్లందుకు పెద్ద దూరంలో ఏమీ లేవు. పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ స్టేషన్ ఉంది, మణుగూరు దగ్గర 1,080 మెగావాట్ల భద్రాద్రి స్టేషన్ ఉంది. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు, అంటే వెయ్యి వాట్-గంటలు, పుట్టించాలంటే ఇంచుమించు 700 గ్రాముల బొగ్గు కాల్చాలి. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే వాట్లను గ్రాముల్లోకి మార్చుకోవచ్చు. 8 వాట్లతో నడిచే ల్యాప్‌టాప్ గంటకు అయిదున్నర గ్రాముల బొగ్గు ఖర్చు చేస్తుంది. 16 వాట్లతో నడిస్తే పదకొండు గ్రాములు.

ఈ అధ్యాయమంతా ఆ అయిదున్నరకూ పదకొండుకూ మధ్య ఉన్న తేడా గురించే. రెండు ల్యాప్‌టాప్‌లు ఉన్నాయనుకోండి. మోడల్ ఒకటే, 48 వాట్-గంటల బ్యాటరీ ఒకటే, తెర వెలుతురు ఒకటే. రెండింటిలోనూ ఒకే పాఠం పేజీ తెరిచి ఉంది. మొదటిది ఆరు గంటలు వస్తుంది. రెండోది మూడు గంటలకే చతికిలపడుతుంది. ఎర్రర్ మెసేజీ ఏదీ రాదు. బొమ్మ చక్కగా కనిపిస్తుంది, వీడియో ఆడుతుంది. అడుగున చెయ్యి పెడితే కొంచెం వెచ్చగా తగులుతుంది, ఫ్యాను అప్పుడప్పుడూ గుయ్యిమంటుంది, అంతే. రిపేరు షాపుకు తీసుకెళ్తే "బ్యాటరీ పోయింది" అంటారు. చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది. కొన్నిసార్లు మాత్రం తప్పు బ్యాటరీది కాదు, గ్రాఫిక్స్ చిప్‌ను నడిపించే డ్రైవర్ అనే ప్రోగ్రాముది.

పట్నంలో ప్లగ్గు పక్కనే కూర్చునేవాళ్లకు ఈ మూడు గంటల తేడా పెద్దగా పట్టకపోవచ్చు. గుండాల, ఆళ్లపల్లి వైపు అడవి ఊళ్లలో అలా కాదు. గాలివానకు కొమ్మ విరిగి తీగ మీద పడితే కరెంటు ఎప్పుడొస్తుందో లైన్‌మన్ కూడా చెప్పలేడు. పరీక్షకు చదివే పిల్లకు ఆ రాత్రి ఆరు గంటలు కావాలి, మూడు సరిపోవు.

పని లేనప్పుడు ఖర్చెక్కడిది?

చిప్‌లో కరెంటు రెండు దారుల్లో ఖర్చవుతుంది. ట్రాన్సిస్టర్ ఆన్ నుంచి ఆఫ్‌కో, ఆఫ్ నుంచి ఆన్‌కో మారిన ప్రతిసారీ కాస్త విద్యుదావేశం నిండి, ఖాళీ అవుతుంది. సెకనుకు ఎన్నిసార్లు మారితే ఈ ఖర్చు అంత పెరుగుతుంది. వోల్టేజీతో పెరిగే తీరు ఇంకా తీవ్రం: వోల్టేజీ సగానికి తగ్గిస్తే ఖర్చు నాలుగో వంతుకు దిగుతుంది. రెండో దారి లీకేజీ. ట్రాన్సిస్టర్ ఆఫ్‌లో ఉన్నా, వోల్టేజీ అందుతున్నంతసేపూ కాస్త కరెంటు కారిపోతూనే ఉంటుంది. కోట్లాది ట్రాన్సిస్టర్లలో కారే ఆ కాస్తంత కలిస్తే వాట్లే అవుతాయి.

దీనికి మందు మూడు మోతాదుల్లో ఉంది. మొదటిది, ట్రాన్సిస్టర్ల మార్పిడికి లయ ఇచ్చే క్లాక్ వేగాన్నీ వోల్టేజీనీ తగ్గించడం. రెండోది, పనిలేని భాగానికి క్లాక్ అందకుండా ఆపేయడం. ఇలా చేస్తే మార్పిడి ఖర్చు పోతుంది గానీ లీకేజీ మిగులుతుంది. మూడోది, ఆ భాగానికి కరెంటే కట్ చేయడం. అప్పుడు లీకేజీ కూడా పోతుంది. కానీ రిజిస్టర్లలో ఉన్న సమాచారమంతా చెరిగిపోతుంది కాబట్టి ముందే ఎక్కడైనా దాచుకోవాలి, లేచాక తిరిగి నింపాలి. నిద్ర ఎంత లోతుగా ఉంటే ఖర్చు అంత తగ్గుతుంది, లేవడానికి పట్టే సమయం, లేచేటప్పుడు జరగగల పొరపాట్లు అంత పెరుగుతాయి.

భూగర్భ గనిలో కన్వేయర్ బెల్టు మీద బొగ్గు రాకపోయినా, ఆపేవాళ్లు లేకపోతే బెల్టు ఖాళీగా తిరుగుతూనే ఉంటుంది, మోటారు కరెంటు లాగుతూనే ఉంటుంది. ఇప్పుడు బొగ్గు రావడం లేదని ఒకరు కనిపెట్టాలి, ఆపాలి, మళ్లీ వస్తోందన్న కబురు అందగానే ఆలస్యం లేకుండా తిప్పాలి. గ్రాఫిక్స్ చిప్‌కు ఆ మనిషి డ్రైవర్. చిప్ లోపలి ఎలక్ట్రానిక్స్ కొంతవరకు తనంతట తాను విశ్రమించగలదు గానీ, ఎంత లోతుకు వెళ్లవచ్చో, ఎప్పుడు వెళ్లకూడదో నియమాలు రాసి ఇచ్చేది డ్రైవరే. ఆ నియమం ఒకటి తప్పిందంటే చిప్ పూర్తి ఆరోగ్యంతో, పూర్తి వేగంతో, ఏ పనీ చేయకుండా మేలుకుని కూర్చుంటుంది.

ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి

ఒక చిప్‌ను ఒకే సమయంలో చాలామంది వాడుకుంటారు: తెర మీద కిటికీలు గీసే ప్రోగ్రాము, వీడియో ఆడించేది, బ్రౌజరు. అందరూ వదిలేశాకే అది నిద్రపోవాలి. ఇందుకు డ్రైవర్ ఒక లెక్క పెట్టుకుంటుంది. వాడుకోవడానికి ఎవరొచ్చినా లెక్కకు ఒకటి కలుపుతుంది, వదిలి వెళ్తే ఒకటి తీసేస్తుంది. లెక్క సున్నాకు దిగితే నిద్ర. ఇంతకంటే సులువైన పద్ధతి ఉండదు. తప్పులు ఎక్కువగా దొర్లేదీ ఇక్కడే.

ప్రోగ్రాము సవ్యంగా నడిచే దారిలో కలిపిన ఒకటిని తీసేయడం ఎవరూ మరచిపోరు. మధ్యలో ఏదో విఫలమై, అర్ధాంతరంగా వెనక్కి తిరిగే దారి ఒకటుంటుంది. అక్కడ మరచిపోతారు. లెక్క ఒకటి దగ్గర ఆగిపోతుంది. మళ్లీ బూట్ చేసేదాకా చిప్ నిద్రపోదు.

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో దీనికి పేరుమోసిన ఉదాహరణ ఉంది. పరికరాన్ని నిద్ర లేపడానికి డ్రైవర్లు పీఎం రన్‌టైమ్ గెట్ సింక్ అనే ఫంక్షన్‌ను పిలుస్తాయి. లేపడం విఫలమైనా సరే, అది లెక్కకు ఒకటి కలిపే తీరుతుంది. విఫలమైతే కలపదులే అనుకుని ఎందరో డ్రైవర్ రచయితలు ఆ దారిలో తీసివేత రాయలేదు. ఏళ్ల తరబడి అలాంటి తప్పులు రకరకాల డ్రైవర్లలో బయటపడుతూ వచ్చాయి. చివరికి 2020లో, విఫలమైతే కలిపినదాన్ని తానే తీసేసే కొత్త ఫంక్షన్‌ను కెర్నల్‌లో చేర్చారు. తప్పు ఒక మనిషి అజాగ్రత్తది కాదు, ఎవరైనా తప్పు చేసేలా ఉన్న ఏర్పాటుది.

నిద్రపోతే లేవని చిప్

2011 జనవరిలో ఇంటెల్ శాండీబ్రిడ్జ్ అనే ప్రాసెసర్ల తరం వచ్చింది. ప్రాసెసరూ గ్రాఫిక్సూ ఒకే సిలికాన్ ముక్క మీద ఉన్నాయి. గ్రాఫిక్స్ భాగానికి ఆర్‌సీ6 అనే లోతైన నిద్ర పెట్టారు. అందులోకి వెళ్తే ఆ భాగానికి అందే వోల్టేజీ సున్నా దాకా దిగుతుంది. కాగితం మీద ఇది గొప్ప వరం. లినక్స్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌ను నడిపే ఐ915 డ్రైవర్‌లో మాత్రం ఈ ఆర్‌సీ6 ఏడాదికి పైగా తలనొప్పి అయి కూర్చుంది. ఆన్ చేస్తే కొన్ని మెషీన్ల తెరపై బొమ్మ చెదిరేది, కొన్ని బిగుసుకుపోయేవి. వర్చువలైజేషన్ కోసం వాడే వీటీ-డీ సదుపాయం ఆన్‌లో ఉన్న మెషీన్లలో మరీ ఎక్కువ. ఆన్ చేయడం, ఫిర్యాదులు రాగానే మళ్లీ ఆఫ్ చేయడం ఒకటికి రెండుసార్లు జరిగింది.

డ్రైవర్ రాసేవాళ్ల ముందు అప్పుడున్న చిక్కు చూడండి. ఆర్‌సీ6 ఆన్‌లో ఉంటే నూటికి ఒకరి మెషీన్ బిగుసుకుపోతుంది, అతను కోపంతో ఉత్తరం రాస్తాడు. ఆఫ్‌లో ఉంటే నూరుమందికీ బ్యాటరీ త్వరగా అయిపోతుంది, ఒక్కరూ ఉత్తరం రాయరు. వృథా అయిన కరెంటుకు నోరు లేదు. అందుకే అనుమానం వచ్చిన ప్రతిచోటా డ్రైవర్లు మెలకువ వైపే మొగ్గుతాయి.

లినక్స్‌ను అందించే ఉబుంటు సిస్టమ్ 12.04 విడుదలకు ముందు దాని బృందం వాడుకరులను పిలిచి, రకరకాల ల్యాప్‌టాప్‌లలో ఆర్‌సీ6 ఆన్ చేయించి పరీక్షలు జరిపించింది. ఊరికే ఉన్న మెషీన్లలో విద్యుత్ వాడకం నూటికి 40 నుంచి 60 వంతుల వరకు మెరుగుపడిందని తేలింది. 2012 మేలో వచ్చిన లినక్స్ 3.4 కెర్నల్ నుంచి ఆర్‌సీ6 అందరికీ డిఫాల్టుగా ఆన్ అయింది. అంతకుముందు ఏడాది పొడవునా శాండీబ్రిడ్జ్ ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్నవాళ్లు తమకు తెలియకుండానే ఎక్కువ కరెంటు కాల్చారు.

కథ అక్కడితో ముగియలేదు. 2019 నవంబరులో ఇంటెల్ గ్రాఫిక్స్‌లో ఒక భద్రతా లోపం బయటపడింది. ఆర్‌సీ6 నిద్రకు ముందు దాచుకునే సమాచారం కొన్ని పరిస్థితుల్లో చెడిపోవచ్చు. సవరించిన డ్రైవర్ ఆ చెడుపును కనిపెట్టగానే ఆర్‌సీ6ను ఆపేస్తుంది. ల్యాప్‌టాప్ ఒకసారి సస్పెండై లేచేదాకా తిరిగి ఆన్ చేయదు. మూత వేసి తీశాక బ్యాటరీ మెరుగ్గా వస్తోందని ఎవరైనా చెబితే నవ్వి కొట్టిపారేయనక్కర్లేదు. అలా జరగడానికి కారణాలుంటాయి.

రెండో చిప్ సంగతి

2010 ఫిబ్రవరిలో ఎన్విడియా ఆప్టిమస్ అనే ఏర్పాటు తెచ్చింది. ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లుంటాయి. మామూలు పనికి ఇంటెల్ చిన్న చిప్, ఆటలకూ త్రీడీ పనికీ ఎన్విడియా పెద్ద చిప్. పెద్దది అవసరం లేనప్పుడు దాని కరెంటు పూర్తిగా కట్ అవ్వాలి. విండోస్‌లో ఈ పని ఎన్విడియా డ్రైవర్ చేసిపెట్టేది. లినక్స్‌కు ఆ మద్దతు ఇవ్వలేదు.

డ్రైవర్ లేకపోతే ఆ చిప్ ఆఫ్‌లో ఉంటుందని అనుకోవడం సహజం. జరిగేది తద్విరుద్ధం. బూట్ అయ్యేటప్పుడు, మెషీన్‌ను మొదట మేల్కొలిపే బయోస్ అనే ప్రోగ్రాము రెండు చిప్‌లకూ కరెంటు ఇస్తుంది. పెద్దదాన్ని ఆపమని చెప్పే దిక్కు లేకపోవడంతో అది ఒక్క చుక్క బొమ్మ కూడా గీయకుండా, మోడల్‌ను బట్టి అయిదు నుంచి పది వాట్లు తింటూ కూర్చుంటుంది. మొత్తం ల్యాప్‌టాప్ ఎనిమిది వాట్లతో నడవగలిగినచోట ఇది పక్కన ఇంకో ల్యాప్‌టాప్‌ను నడిపినట్టే.

లినక్స్ కెర్నల్‌లో డేవ్ ఎయిర్లీ రాసిన వీజీఏ స్విచరూ అనే సదుపాయం 2010లో చేరింది. దానితో పెద్ద చిప్‌ను మనమే ఆదేశమిచ్చి ఆపవచ్చు. 2011లో బంబుల్‌బీ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు వచ్చింది. అవసరమైన ప్రోగ్రాముకే పెద్ద చిప్‌ను లేపి, తర్వాత పడుకోబెట్టేది.  2012 జూన్‌లో ఫిన్లండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో శ్రోత ఒకరు ఈ ఆప్టిమస్ గురించే ప్రశ్నించినప్పుడు, లినక్స్ సృష్టికర్త లీనస్ టోర్వాల్డ్స్ కెమెరా వైపు తిరిగి ఎన్విడియాను అచ్చులో వేయలేని మాట అన్నాడు. 2013 చివర్లో వచ్చిన 3.12 కెర్నల్ నుంచి, ఎవరైనా చదివి మార్చగల స్వేచ్ఛా డ్రైవర్లు పెద్ద చిప్‌ను తమంతట తాము ఆపడం నేర్చుకున్నాయి. ఎన్విడియా తన సొంత లినక్స్ డ్రైవర్‌లో ఈ సదుపాయాన్ని పెట్టింది 2019లో.

అయినా తిరకాసులు మిగిలాయి. పెద్ద చిప్‌లో హెచ్‌డీఎంఐ తీగ గుండా శబ్దం పంపడానికి చిన్న ఆడియో పరికరం కూడా ఉంటుంది. దానిది వేరే డ్రైవర్. ఆ ఆడియో పరికరం మేలుకుని ఉంటే చిప్ మొత్తానికి కరెంటు అందాల్సిందే. గ్రాఫిక్స్ డ్రైవర్ ఎంత బుద్ధిమంతురాలైనా, పక్కనున్న శబ్దపు డ్రైవర్ కళ్లు మూయకపోతే ఫలితం సున్నా.

గ్రాఫిక్స్ చిప్‌లు చేసే మరో కంపెనీ ఏఎండీ వైపూ ఇలాంటి కథే ఉంది. లినక్స్‌లోని స్వేచ్ఛా రేడియాన్ డ్రైవర్‌కు పనిని బట్టి క్లాకునూ వోల్టేజీనీ దించే పూర్తి సామర్థ్యం 2013 సెప్టెంబరులో వచ్చిన 3.11 కెర్నల్ దాకా లేదు. అది చాలా చిప్‌లకు డిఫాల్టుగా ఆన్ అయింది 2014 జనవరి నాటి 3.13తో. అంతకుముందు ఆ ల్యాప్‌టాప్‌లు ఒళ్లో పెట్టుకోలేనంత కాగేవి.

కదలని తెర వెనక

పాఠం పేజీ కదలకుండా ఉంది. అయినా సెకనుకు 60 సార్లు ఆ బొమ్మ మొత్తాన్ని మెమరీలోంచి చదివి తెరకు పంపాలి. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు, చుక్కకు నాలుగు బైట్లు: ఒక్క బొమ్మ 83 లక్షల బైట్లు. సెకనుకు దాదాపు 50 కోట్ల బైట్లు. మెమరీ, దాని తీగలు, తెర లింకు, అన్నీ మేలుకుని ఉండాలి.

దీన్ని తగ్గించడానికి రెండు ఉపాయాలున్నాయి. ఒకటి, బొమ్మను కుదించి దాచుకుని, మారనంతసేపూ కుదించిన ప్రతినే చదవడం. రెండోది ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్. తెరలోనే చిన్న మెమరీ పెట్టి, బొమ్మ మారనప్పుడు తెర తన సొంత ప్రతిని తానే చూపుకుంటుంది, చిప్ నిద్రపోతుంది. అద్భుతమే, కానీ తెరలు తయారుచేసే కంపెనీలు అనేకం, ప్రమాణాన్ని పాటించే తీరులూ అనేకం. కొన్నింటిలో తెర మినుకుమంటుంది, కొన్నింటిలో మౌసు బాణం వెనకబడుతుంది. ఇంటెల్ లినక్స్ డ్రైవర్‌లో ఈ సదుపాయం కూడా ఆర్‌సీ6 లాగే ఆన్, ఆఫ్‌ల మధ్య చాలా కాలం ఊగిసలాడింది.

మెమరీ వేగం మార్చడంలోనూ ఒక సూక్ష్మముంది. వేగం మారే క్షణంలో చదవడం ఆగుతుంది కాబట్టి, ఒక బొమ్మ పూర్తయి ఇంకో బొమ్మ మొదలయ్యే లోపు దొరికే అతి చిన్న విరామంలోనే ఆ పని కానివ్వాలి. రెండు తెరలు తగిలించి, వాటి విరామాలు ఒకేసారి రాకపోతే సందు దొరకదు. అప్పుడు డ్రైవర్ మెమరీని అత్యధిక వేగంలోనే ఉంచేస్తుంది. 2022 చివర్లో వచ్చిన ఏఎండీ ఆర్‌ఎక్స్ 7900 డెస్క్‌టాప్ కార్డులు, వేగంగా రిఫ్రెష్ అయ్యే కొన్ని తెరలతో ఊరికే ఉన్నప్పుడు కూడా ఎక్కువ కరెంటు తింటున్నాయని ఏఎండీయే తన డ్రైవర్ విడుదల పత్రాల్లో ఒప్పుకుంది.

మన ఊళ్లో ఎక్కువగా కనిపించేది

ఇంతవరకు చెప్పినవి డ్రైవర్ లోపలి తప్పులు. చిన్న పట్టణాల్లో ఎక్కువగా ఎదురయ్యేది అంతకంటే మొరటైనది: అసలు డ్రైవరే వేయకపోవడం. ల్యాప్‌టాప్ నెమ్మదించిందని షాపులో ఇస్తే విండోస్ కొత్తగా వేసి ఇస్తారు. ఇంటర్నెట్ తగిలించకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్ రాకపోవచ్చు. అప్పుడు విండోస్ తన దగ్గరున్న మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్‌తో పని గడుపుకుంటుంది. బొమ్మ వస్తుంది. కానీ గీయాల్సిన పనంతా గ్రాఫిక్స్ చిప్ బదులు ప్రాసెసర్ మీద పడుతుంది. వీడియోను విప్పే ప్రత్యేక భాగం ఖాళీగా ఉంటుంది, ఆ కష్టమూ ప్రాసెసరే పడుతుంది.

దీన్ని గుర్తుపట్టడం తేలిక. తెర వెలుతురు తగ్గించే మీట పనిచేయదు. స్టార్ట్ మెనూలో స్లీప్ కనిపించదు. వీడియో ఆడిస్తే ఫ్యాను మోగుతుంది. డివైస్ మేనేజరు తెరిచి డిస్‌ప్లే అడాప్టర్స్ కింద చూస్తే ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియా పేర్ల బదులు ఆ బేసిక్ పేరే ఉంటుంది. ల్యాప్‌టాప్ తయారీ కంపెనీ సైటులోంచి సరైన డ్రైవర్ వేసుకుంటే సమస్య ఆ పూటే తీరుతుంది.

గ్రాఫిక్స్‌ను అనుమానిస్తే దొరికింది మరొకటి

2011లో లినక్స్ 2.6.38 కెర్నల్ వచ్చాక ఎన్నో ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ ఒక్కసారిగా పడిపోయింది. ఫొరోనిక్స్ పత్రిక నడిపే మైకేల్ లారాబెల్ రకరకాల మెషీన్లలో కరెంటు కొలిచి సంగతి బయటపెట్టాడు. గ్రాఫిక్స్ డ్రైవర్‌దే తప్పని అనుమానించడం ఎవరికైనా సహజమే.

ఇలాంటి చోట వెతికే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. పాత కెర్నల్ బాగుంది, కొత్తది బాగాలేదు, నడుమ దాదాపు పదివేల మార్పులున్నాయి. అన్నీ పరీక్షించనక్కర్లేదు. సరిగ్గా మధ్యలోని మార్పు దగ్గర కెర్నల్‌ను తయారుచేసి వాట్లు కొలుస్తారు. బాగుంటే తప్పు తర్వాతి సగంలో ఉంది, లేకపోతే ముందు సగంలో. ఇలా సగం సగం కొట్టుకుంటూ పోతే పద్నాలుగు పరీక్షల్లో పదివేలలోని ఒక్క మార్పు దొరికిపోతుంది.

దొరికింది గ్రాఫిక్స్ కాదు. ప్రాసెసర్‌నూ ఇతర పరికరాలనూ కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారులకు కూడా ఏఎస్‌పీఎం అనే విశ్రాంతి స్థితి ఉంది. కొన్ని బయోస్‌లు ఆ విశ్రాంతిని ఆన్ చేస్తూనే, పైకి మాత్రం మద్దతు లేదని ప్రకటిస్తాయి. కొత్త కెర్నల్ ఆ ప్రకటనను నమ్మి విశ్రాంతిని ఆపేసింది. విండోస్ అలాంటప్పుడు బయోస్ పెట్టినదాన్ని తాకకుండా వదిలేస్తుంది. మాథ్యూ గారెట్ ఆ ఏడాది చివర్లో రాసిన సవరణ లినక్స్‌ను కూడా అదే దారిలోకి తెచ్చింది. దాపరికం లేకుండా కొలిచిన అంకెలు లేకపోయి ఉంటే, తప్పును వేరే చోట ఎన్నాళ్లో వెతకాల్సి వచ్చేది.

ఈ అనుభవాల నుంచి పరీక్షల తీరే మారింది. ఒకప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్‌కు ఒకే పరీక్ష: బొమ్మ సరిగ్గా వచ్చిందా లేదా? ఇప్పుడు ఇంటెల్ డ్రైవర్‌కు వాడే ఐజీటీ అనే పరీక్షల సంపుటిలో, గడచిన సమయంలో చిప్ ఎంత భాగం ఆర్‌సీ6లో గడిపిందో కొలిచే పరీక్ష కూడా ఉంది. హైదరాబాదులో ఏఎండీ, ఎన్విడియా, ఇంటెల్, క్వాల్‌కామ్‌లకు ఇంజనీరింగ్ కేంద్రాలున్నాయి. డ్రైవర్లు రాయాలనుకునే తెలుగు పిల్లలు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇక్కడుంది: తప్పు జరిగినప్పుడు అరిచే పరీక్షలతో పాటు, వృథా జరిగినప్పుడు అరిచే పరీక్షలూ రాయాలి.

ఇంట్లో కొలవడం ఎలా?

పరికరాలు కొనక్కర్లేదు. ఛార్జరు తీసేయండి. తెర వెలుతురు సగానికి పెట్టి, వైఫై ఉంచి, ప్రోగ్రాములన్నీ మూసి పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి. లినక్స్‌లో, ఇంటెల్ 2007లో విడుదల చేసిన పవర్‌టాప్ అనే ప్రోగ్రాము నడిపితే బ్యాటరీ నుంచి ఎన్ని వాట్లు పోతున్నాయో, ఏ పరికరం మాటిమాటికీ మెలకువ తెప్పిస్తోందో చూపిస్తుంది. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండు బ్యాటరీ రిపోర్టునూ ఎనర్జీ రిపోర్టునూ ఇస్తుంది. పెద్ద గ్రాఫిక్స్ చిప్ లేని మామూలు ల్యాప్‌టాప్ ఈ స్థితిలో అయిదు నుంచి ఎనిమిది వాట్ల మధ్య ఉంటే బాగున్నట్టే. పన్నెండు, పదిహేను చూపిస్తే ఎవరో మేలుకుని ఉన్నారు.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. రెండు చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లో ఎన్విడియా-ఎస్ఎంఐ అనే ప్రోగ్రాముతో పెద్ద చిప్ సంగతి అడిగితే, జవాబు చెప్పడానికి అది నిద్ర లేస్తుంది. మీకు మేలుకున్న చిప్పే కనిపిస్తుంది. నిద్రపోతోందో లేదో తెలుసుకోవాలంటే దాన్ని అడగకూడదు, కెర్నల్ రాసుకున్న స్థితిని చదవాలి లేదా బ్యాటరీ నుంచి పోయే మొత్తం వాట్లను చూడాలి.

ఖర్చు ఎక్కువగా ఉందని తేలితే ఒక్కోసారి ఒక్కటే మార్చండి. కొత్త డ్రైవర్ వేసి కొలవండి. కొత్తది వచ్చాకే చెడిందని అనుమానముంటే పాతదానికి వెళ్లి కొలవండి. రెండు మూడు మార్పులు ఒకేసారి చేస్తే తగ్గినా పెరిగినా కారణం తెలియదు.

పన్నెండు కిలోల బొగ్గు

అదనపు 8 వాట్లు, రోజుకు అయిదు గంటలు, ఏడాదికి 365 రోజులు: పద్నాలుగున్నర యూనిట్లు. ఛార్జరులో, బ్యాటరీలో పోయే నష్టం కలిపితే పదిహేడు పైనే. బొగ్గులో పన్నెండు కిలోలు. ఒక ఇంటి కరెంటు బిల్లులో ఇది కనిపించదు కూడా. లక్ష ల్యాప్‌టాప్‌లలో ఒకే తప్పు ఉంటే 1,200 టన్నులు. బొగ్గు వ్యాగన్‌లో 60 టన్నులో, కొంచెం ఎక్కువో పడుతుంది కాబట్టి దాదాపు ఇరవై వ్యాగన్లు. డ్రైవర్‌లో ఆ తప్పు ఒకటో రెండో వాక్యాల్లో ఉంటుంది.

వాడుకునే మనిషికి తగిలే దెబ్బ మాత్రం బ్యాటరీ మీదే. ల్యాప్‌టాప్ బ్యాటరీలు సాధారణంగా మూడు వందల నుంచి అయిదు వందల సార్లు పూర్తిగా నిండి ఖాళీ అయ్యాక మొదటి సామర్థ్యంలో అయిదో వంతు కోల్పోతాయి. రెట్టింపు కరెంటు లాగే ల్యాప్‌టాప్ ఆ లెక్కను సగం కాలంలోనే పూర్తిచేస్తుంది. పైగా లోపలి వేడి బ్యాటరీని ఇంకా తొందరగా ముసలిదాన్ని చేస్తుంది. కాబట్టి డ్రైవర్ తప్పుతో మొదలైన కథలో, కొన్నాళ్లకు "బ్యాటరీ పోయింది" అన్న షాపతని మాట నిజమైపోతుంది. కొత్త బ్యాటరీ వేస్తారు, కొంత మెరుగనిపిస్తుంది, తప్పు బయటపడకుండానే ఆ కొత్తదీ అరగడం మొదలుపెడుతుంది.

అందుకే అడగాల్సినవి రెండు ప్రశ్నలు, రెండింటికీ విడివిడి అంకెలున్నాయి. బ్యాటరీ ఇప్పుడు ఎన్ని వాట్-గంటలు పట్టుకుంటోంది, కొత్తలో ఎన్ని పట్టుకునేది? ఈ జవాబు బ్యాటరీ రిపోర్టులో ఉంటుంది. ఊరికే ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ ఎన్ని వాట్లు లాగుతోంది? మొదటి అంకె పడిపోయి, రెండోది మామూలుగా ఉంటే బ్యాటరీ కొనండి. రెండో అంకె ఎక్కువగా ఉంటే మాత్రం ముందు డ్రైవర్ సంగతి తేల్చుకుని, తర్వాతే డబ్బు తీయండి.